ఫొంగ్ థై కూడా కాంటనీస్ మాటే

హాంకాంగ్‌లో నాతో పనిచేసే ఒక పెద్దాయనకి ‘ఫొంగ్ థై’ అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది. అందులో ఉన్నవి రెండు చైనా అక్షరాలు. మొదటిదానికి వదలడం అని అర్థం, రెండోదానికి ప్రశ్న, లేదంటే శీర్షిక. రెండూ కలిపి చదివితే ‘ప్రశ్న వదిలెయ్’ అన్నట్టు ఉంటుంది తప్ప తిండికీ దానికీ సంబంధమే కనపడదు. కానీ ఇక్కడ ఏ వీధిలోకి వెళ్లినా ఏదో ఒక హోటల్ బోర్డు మీద ఆ రెండక్షరాలూ పెద్దగా రాసి ఉంటాయి. సుషీ ఫొంగ్ థై, హాట్‌పాట్ ఫొంగ్ థై, డిమ్‌సమ్ ఫొంగ్ థై కూడా. ఒక రేటు కట్టు, టైము అయ్యేదాకా ఎంత కావాలంటే అంత తిను, అదీ దాని అర్థం. జపాన్ వాళ్ల ‘తాబే హోదాయ్’లో రెండో సగం ఇది. తాబే అంటే తినడం, హోదాయ్ అంటే ఇష్టమొచ్చినంత. పాత జపాన్ కవిత్వంలో ఇచ్చిన విషయాన్ని వదిలి పక్కదారి పట్టడాన్ని హోదాయ్ అనేవారనీ, అక్కణ్ణుంచే ‘హద్దు లేకుండా’ అన్న అర్థం వచ్చిందనీ ఒక వివరణ ఉంది. పెద్దాయన వాదన ఏమిటంటే, ఇది చైనా భాషా కాదు, జపాన్ భాషా కాదు, అర్థం తెలియనివాళ్లు అక్షరాలు చూసి దించుకున్న తప్పు, రోజూ కళ్ల ముందు ఉంటే పిల్లలు ఇదే సరైన భాష అనుకుంటారు అని.

ఆయనంటే నాకు చాలా గౌరవం. నాకు వచ్చిన కాస్త కాంటనీస్‌లో, అంటే హాంకాంగ్ జనం మాట్లాడే చైనా భాషలో, సగం ఆయన పెట్టిన భిక్షే. కానీ ఈ విషయంలో మాత్రం ఆయన మాట నేను ఒప్పుకోను. ఎందుకో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు ఆ మాట చేస్తున్న పని ఏమిటో చూడాలి. బఫేకి కాంటనీస్‌లో వేరే పేరు ఉంది, ‘జీ జో చాన్’, ఎవరిది వాళ్లే పెట్టుకునే భోజనం. అందులో ప్లేటు పట్టుకుని లేచి వెళ్లి తెచ్చుకోవాలి. ఫొంగ్ థైలో కూర్చున్నచోటు నుంచి కదలక్కర్లేదు. వెళ్లగానే టైము చెప్తారు, ఎక్కువగా 90 నిమిషాలో 120 నిమిషాలో. మనం కూర్చున్న టైమూ, లేవాల్సిన టైమూ రాసిన స్లిప్పు తెచ్చి బల్ల మీద పెడతారు. ఆర్డరు అంటే కాగితం మీద అంకెలు వెయ్యడమో, ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ చేసి నొక్కడమో. కొన్నిచోట్ల రౌండుకి ఇన్ని ఐటమ్స్ అనే హద్దు ఉంటుంది. పిలవకుండానే ప్లేట్లు వస్తుంటాయి, ఖాళీవి పోతుంటాయి, చివరి ఆర్డరు టైము దగ్గర పడగానే సర్వర్ వచ్చి ఇంకేమైనా కావాలా అని అడుగుతారు. ఆ నిమిషంలో బల్ల దగ్గర పుట్టే టెన్షన్ చూసి తీరాలి. ఇంకో ప్లేటు సాల్మన్ చెబుదామా వద్దా, చెబితే తినగలమా, మిగిలితే ఫైన్ అని గోడ మీద రాసి ఉంది కదా అని నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. అన్నీ అయ్యాక బిల్లు మీద పది శాతం సర్వీస్ చార్జి. ఈ మొత్తం పద్ధతికి ఒక పేరు కావాలి. జీ జో చాన్ అంటే కుదరదు, ఎందుకంటే అది వేరే పద్ధతి.

కాంటనీస్‌లో ‘ఇష్టమొచ్చినంత తిను’ అనడానికి మాట కరువై తెచ్చుకున్నారా అంటే అదీ లేదు. ‘యమ్ సిక్’ అంటే అదే. ఇంకా ముద్దుగా ‘యమ్ సిక్ మ్ నావ్’ అంటారు, ఎంతైనా తిను, ఎవరికీ కోపం రాదు అని. ఎంత చక్కటి మాటో! అది చచ్చిపోలేదు, ఇప్పటికీ ప్రకటనల్లో కనపడుతుంది, మనుషుల నోట వినపడుతుంది. తేడా ఏమిటంటే యమ్ సిక్ అన్నది ఎంత తినొచ్చో చెప్తుంది. ఫొంగ్ థై అన్నది ఎలాంటి చోటికి వెళ్తున్నామో చెప్తుంది. శనివారం రాత్రి ‘ఫొంగ్ థై తిందామా’ అని ఎవరైనా మెసేజ్ పెడితే ఎంతసేపు కూర్చుంటారో, సుమారు ఎంత అవుతుందో, మధ్యాహ్నం ఎంత తక్కువ తినాలో అన్నీ అందులోనే తెలిసిపోతాయి.

ఇది మనవాళ్లకి అర్థం కాని సంగతేం కాదు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో మెస్‌కి వెళ్లి ‘ఫుల్ మీల్సా, ప్లేట్ మీల్సా’ అని అడిగితే, మొదటిదానికి అన్నం మళ్లీ మళ్లీ వడ్డిస్తారనీ, రెండోదానికి పెట్టింది తిని లేవడమేననీ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ మాటలు ఇంగ్లీషువే, కానీ ఆ అర్థం లండన్‌లో ఎవరికీ తెలియదు. అది మన దక్షిణాది హోటళ్లలో పుట్టింది. ‘మీల్స్’ బదులు ఇంకో మాట పెట్టాలని ఎవరైనా కమిటీ వేసినా ఆ పేరు బోర్డు మీదే ఉంటుంది, నోట్లోకి రాదు. ఫొంగ్ థై కూడా అంతే. జపాన్ వాళ్లకి హోదాయ్ ఒంటరిగా నిలబడే మాట కాదు, దాని ముందు తినడమో తాగడమో పాడటమో ఏదో ఒకటి ఉండాలి. కాంటనీస్ ఆ ముందు భాగాన్ని తీసేసి మిగిలిన ముక్కని నామవాచకం చేసుకుంది, ‘ఫొంగ్ థై తినడం’ అని దానికి ఒక క్రియ తగిలించింది. టోక్యో నుంచి వచ్చిన మనిషికి ఆ రెండక్షరాలు మాత్రమే చూపిస్తే ఏదో పై భాగం ఊడిపోయిందనుకుంటారు. దీన్ని పెద్దాయన తప్పు అంటారు, నేను సొంతం చేసుకోవడం అంటాను.

ఈ మాటలు ఏ దారిన వచ్చాయో కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అరువు మాటలు వచ్చే దారి వేరు. మనం చెవితో తెచ్చుకుంటాం. బస్ విన్నాం, చివర ఉకారం పెట్టి బస్సు అన్నాం, టికెట్ టికెట్టయింది. కాంటనీస్ వాళ్లు జపాన్ మాటల్ని చాలావరకూ కంటితో తెచ్చుకున్నారు. జపాన్ వాళ్లు ఏనాడో చైనా నుంచి తీసుకున్న అక్షరాలతోనే తమ మాటలు రాసుకుంటారు కాబట్టి, హాంకాంగ్ మనిషి ఆ అక్షరాలు చూసి తన భాషలో ఎలా చదవాలో అలా చదివేస్తాడు, జపాన్ ఉచ్చారణతో అతనికి పనే లేదు. సాషిమీ అని వాళ్లు పలికేదాన్ని, అంటే పచ్చి చేప ముక్కల్ని, వీళ్లు ‘ఛీ సన్’ అంటారు. సుషీని ‘సావ్ సీ’ అంటారు. ఇనుప పెనం మీద కాల్చి పెట్టే టెప్పన్‌యాకి ఇక్కడ ‘థిత్ పాన్ సియూ’. జపాన్ టూరిస్ట్ పక్క బల్ల దగ్గర కూర్చుని ఈ పేర్లన్నీ వింటున్నా, తన వంటల గురించే మాట్లాడుకుంటున్నారని పోల్చుకోలేడు. మాట వచ్చింది గానీ దాని శబ్దం సరిహద్దు దగ్గరే ఆగిపోయింది.

చెవితో వచ్చినవి కూడా కొన్ని ఉన్నాయి. ట్యూనా చేపలో కొవ్వు ఎక్కువున్న పొట్ట భాగాన్ని జపాన్‌లో తోరో అంటే ఇక్కడ ‘థో లో’ అంటారు. ఉడాన్ నూడుల్స్‌కి ‘వూ డొంగ్’ అని పేరు పెట్టి, ఆ శబ్దాలు వచ్చే రెండక్షరాలు వెతికి రాసుకున్నారు, వాటి అర్థాలు నల్లనిది, చలికాలం. నూడుల్స్‌తో ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. విచిత్రం ఏమిటంటే, దీన్ని మాత్రం పెద్దాయన ఎప్పుడూ తప్పు పట్టలేదు. అడిగితే ‘అది ఎప్పటినుంచో ఉందిగా’ అన్నారు. ఎప్పటినుంచో ఉండటమే ప్రమాణమైతే ఫొంగ్ థైకి కావలసింది ఇంకాస్త వయసే.

ఈ భాష ఏమి తీసుకుందో అందరూ చెప్తారు, ఏమి తీసుకోలేదో ఎవరూ చెప్పరు. నాకు ముచ్చటేసేది అక్కడే. సుషీ హోటల్లో కూర్చుని ఛీ సన్ తింటున్న కాంటనీస్ మనిషి పక్కనున్న సోయా సాస్‌ని జపాన్ పేరుతో పిలవడు. అది ‘సీ యావ్’, వాళ్ల అమ్మమ్మ వంటింట్లో ఉన్న సీసాకి ఏ పేరో అదే పేరు. మీసో సూప్‌ని ‘మీన్ సీ థోంగ్’ అంటారు, ఎందుకంటే పులియబెట్టిన సోయా ముద్ద వాళ్లకి ముందునుంచీ ఉంది, దాని పేరు మీన్ సీ. కన్ను మండించే ఆకుపచ్చ వసాబికి కూడా ఆవ ముద్దకి వాడే ‘గాయ్ లాత్’ అన్న పాత పేరే సరిపెట్టారు. పచ్చి చేప ముక్కలు కూడా వాళ్లకి కొత్త కాదు. హాంకాంగ్ పక్కనున్న గ్వాంగ్‌డోంగ్‌లోని షున్‌డే ప్రాంతంలో మంచినీటి చేపని పల్చగా కోసి నూనె, అల్లం, వేరుశనగపప్పు కలిపి తినే వంటకం ఉంది, దాని పేరు ‘యూ సాంగ్’. కాబట్టి ఛీ సన్ వచ్చాక యూ సాంగ్ పోలేదు, షున్‌డే పద్ధతికి ఒక పేరు, జపాన్ పద్ధతికి ఒక పేరు మిగిలాయి. ఇంట్లో ఉన్నదాన్ని పారేసి పక్కింటిది తెచ్చుకున్నట్టు ఎక్కడా కనపడదు.

‘లియూ లేయ్’ సంగతి ఇంకా బాగుంటుంది. జపాన్‌లో ఇదే మాటని రియోరి అని పలుకుతారు, వంట అని అర్థం. కానీ పాత చైనా భాషలో దీనికి చక్కబెట్టడం, చూసుకోవడం అని అర్థం. కాంటనీస్‌లో ఆ పాత అర్థం ఇప్పటికీ ఉంది, ఇంటి పనులు చూసుకోవడానికి వాడతారు, మనిషి పోయాక జరగాల్సిన కార్యక్రమాలు చూసుకోవడాన్ని కూడా అదే మాటతో చెప్తారు. అదే మనిషి అదే రోజు సాయంత్రం జపాన్ లియూ లేయ్ తిందామంటే ఎవరూ ఉలిక్కిపడరు. ఇంకో సంగతి, ఈ మాట జపాన్, కొరియా వంటలకి అతుక్కుపోయింది. సిచువాన్ వంటని, కాంటన్ వంటని లియూ లేయ్ అనరు, వాటికి ‘చోయ్’ అన్న సొంత మాట ఉంది. ఫ్రెంచి వంటకి కూడా ఎక్కువగా చోయ్ అనే అంటారు. అంటే అరువు మాటకి ఒక గది ఇచ్చారు, ఆ గది దాటి రానివ్వలేదు.

‘సియూ’ అన్న అక్షరంలో ఇది మరీ స్పష్టంగా కనపడుతుంది. కాంటనీస్‌లో అది కాల్చడం. కాల్చిన బాతు జాతి పక్షి మాంసం, గూస్, ఇక్కడ ఊరికే ప్రాణం, దాని పేరు సియూ ఙో. కాల్చడం ముందు, పక్షి తర్వాత. జపాన్‌లో అదే అక్షరాన్ని యాకి అంటారు, అక్కడ చాలా పేర్లలో వరస తిరగబడి అది చివర వస్తుంది. అందుకే థిత్ పాన్ సియూలో సియూ చివర ఉంది, తియ్యటి సోయా సాస్ పూసి కాల్చే థెరియాకికి పెట్టిన ‘జియూ సియూ’లోనూ అంతే. ‘ఛా సియూ’ లాంటి పాత కాంటనీస్ పేర్లని పక్కన పెడితే, మెనూ మీద సియూ ముందుంటే ఎక్కువగా సొంతిల్లు, చివరుంటే ఎక్కువగా జపాన్ నుంచి వచ్చింది. ఏ వ్యాకరణ పుస్తకమూ నేర్పకుండానే ఇక్కడి జనం ఈ తేడా పట్టుకుని వాడుతున్నారు. ఇంత తెలివిగా తేడాలు పట్టుకుంటున్న భాషని చెడిపోతోంది అంటే నేనెలా నమ్మను?

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ, డింగ్. నిస్సిన్ కంపెనీ 1968లో జపాన్‌లో ‘దెమాయె ఇచ్చో’ అని ఒక ఇన్‌స్టంట్ నూడుల్స్ తెచ్చింది. దెమాయె అంటే ఇంటికి తెచ్చివ్వడం, ఇచ్చో అంటే ‘ఒకటి రెడీ’ అన్నట్టు హోటల్లో పెట్టే కేక. ప్యాకెట్ మీద భోజనం పెట్టె మోసుకెళ్తున్న బుడతడి బొమ్మ ఉంటుంది. హాంకాంగ్‌లో ఆ నాలుగక్షరాలనీ ‘చ్యుత్ చిన్ యాత్ డింగ్’ అని చదువుకున్నారు, అర్థం ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ చా చాన్ తెంగ్ అని చవక హోటళ్లుంటాయి, పొద్దున్న టీ, బ్రెడ్డు, నూడుల్స్, మధ్యాహ్నం అన్నం, అన్నీ దొరికే చోటు, మన టిఫిన్ సెంటరూ మెస్సూ కలిపి ఒకే షట్టర్ కింద పెడితే ఎలా ఉంటుందో అలా. అక్కడ నూడుల్స్ చెబితే మామూలుగా వచ్చేది చవక రకం. కొన్ని డాలర్లు ఎక్కువిస్తే దెమాయె ఇచ్చోకి మారుస్తారు. దాన్ని ‘జ్యున్ డింగ్’ అంటారు, డింగ్‌కి మార్చు అని. అక్కడితో ఆగలేదు. టిన్నులో వచ్చే మాంసమూ గుడ్డూ వేసిన నూడుల్స్ ‘చాన్ డాన్ డింగ్’ అయింది. పులుసు లేకుండా సాస్‌తో కలిపి ఇస్తే ‘లౌ డింగ్’, దానికే ప్రత్యేకంగా హోటళ్లు కూడా పెట్టారు.

ఏం జరిగిందో చూడండి. జపాన్‌లో ‘ఒకటి’ తర్వాత వచ్చే లెక్క ముక్క అది, ఒక ప్లేటు, ఒక కప్పు అన్నప్పుడు ప్లేటు, కప్పు ఎలాగో అలాగ. హాంకాంగ్‌లో అదే నూడుల్స్ అయి కూర్చుంది. పైగా కాంటనీస్ వంటింట్లో డింగ్‌కి అప్పటికే చిన్న చదరపు ముక్కలు అన్న అర్థం ఉంది, వేరుశనగపప్పుతో వేయించే కోడి ముక్కల వంటకం పేరు చివరా అదే డింగ్. రెండు డింగ్‌లూ ఒకే మెనూ మీద ఉంటాయి, ఒక్కరు కూడా పొరబడటం నేను చూడలేదు. ఆ చా చాన్ తెంగ్ సర్వర్లే పాలూ చక్కెరా లేని కాఫీకి ‘ఇసక ఎగిరిపోయె, పాలు పారిపోయె’ అని పేరు పెట్టినవాళ్లు. ఇలాంటి జనం చేతిలో పడిన జపాన్ మాట జపాన్ మాటగా మిగులుతుందని భయపడటం అనవసరం.

అయితే పెద్దాయన కోపం వట్టి వ్యాకరణం కోపం కాదు, అది నాకు తెలుసు. 1941 డిసెంబర్ 25న హాంకాంగ్ జపాన్ చేతికి పడింది. 1945 ఆగస్టు దాకా సాగిన ఆ రోజుల్ని ఇక్కడ పేరు పెట్టి చెప్పరు, ‘మూడేళ్ల ఎనిమిది నెలలు’ అంటారు, అందరికీ అర్థమవుతుంది. మనిషికి రోజుకి 6.4 తేల్, అంటే సుమారు 240 గ్రాముల బియ్యం రేషన్, తర్వాత చాలామందికి అదీ ఆపేశారు. ఊళ్లో తిండి పెట్టలేక లక్షలమందిని సరిహద్దు దాటించి పంపేశారు. పెద్దాయన వాళ్ల నాన్నగారు ఆ రోజులు చూసినవారు. ఆ ఇంట్లో పెరిగిన మనిషికి, ఎంతైనా తినొచ్చు అన్న బోర్డు మీద జపాన్ మాట కనపడితే ఎలా ఉంటుందో నేను కాదనలేను. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాలని కూడా అనుకోను.

కోపంతో మాటని బయట పెట్టిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి కూడా. 1908లో జపాన్ శాస్త్రవేత్త ఇకెదా కికునాయె గ్లుటమేట్ అనే పదార్థం రుచిని గుర్తించాక, మరుసటి ఏడాది నుంచి అది ‘అజినొమోతో’ పేరుతో అమ్మకానికి వచ్చింది. 1920లలో చైనాలో జపాన్ సరుకుల బహిష్కరణ జోరుగా ఉన్నప్పుడు షాంఘైలో వూ యున్‌చూ అనే రసాయన నిపుణుడు సొంతంగా అదే పదార్థం తయారుచేసి, 1923లో ఫ్యాక్టరీ పెట్టి, ‘రుచిసారం’ అన్న అర్థం వచ్చే కొత్త పేరుతో అమ్మాడు. కాంటనీస్‌లో దాన్ని ఇప్పటికీ ఆ పేరుతోనే ‘మేయ్ జింగ్’ అంటారు. హైదరాబాద్ ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర మాత్రం ‘అజినమోటో వెయ్యకు భయ్యా’ అంటాం. అంటే అక్షరాలు పంచుకున్న పొరుగు భాష ఆ జపాన్ మాటని వద్దనుకుంది, ఏ గొడవా లేని మనం చెవితో విని ఉంచేసుకున్నాం. మాట తీసుకోవడం, మానెయ్యడం రెండూ భాష మాట్లాడేవాళ్ల చేతిలోనే ఉంటాయనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

యుద్ధం తర్వాత తరానికి జపాన్ ఇంకో రూపంలో వచ్చింది. 1960లో హాంకాంగ్‌లోని కాజ్‌వే బేలో జపాన్ వాళ్ల దైమారు డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచారు. 1984లో షాటిన్‌లో యావోహాన్, మరుసటి ఏడు సోగో. 1990లలో గెంకీ సుషీ లాంటి చవక సుషీ హోటళ్లు. బట్టలు కొనుక్కోవడానికి వెళ్లి కింది అంతస్తులో సుషీ పెట్టె కొనుక్కున్న పిల్లలే ఇవాళ హోటళ్లు నడుపుతున్నారు. ఫొంగ్ థై వాళ్ల మాట. వాళ్లకి అది సైనికులతో రాలేదు, అమ్మ చెయ్యి పట్టుకుని ఎస్కలేటర్ దిగుతుంటే వచ్చింది. ఒకే ఇంట్లో ఈ రెండు జ్ఞాపకాలూ ఉండొచ్చు, ఒకటి నిజమైతే రెండోది అబద్ధం అవ్వక్కర్లేదు.

శుద్ధ భాష కావాలనేవాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. చైనాలో చింగ్ రాజ్యం చివరి రోజుల్లో జాంగ్ జిడోంగ్ అనే పెద్ద అధికారి గురించి ఒక కథ చెప్పుకుంటారు. కింది ఉద్యోగి రాసిన కాగితంలో ‘ఆరోగ్యం’ అన్న మాట చూసి, ఇది జపాన్ పదం, వాడటం అసహ్యంగా ఉంది అని రాశాడట. ఆ ఉద్యోగి వినయంగా, మీరు రాసిన ‘పదం’ కూడా జపాన్ పదమేనండీ అని తిప్పి రాశాడట. కథ ఎలా ఉన్నా సంగతి నిజం. 1894–95 చైనా-జపాన్ యుద్ధం తర్వాత వేలమంది చైనా విద్యార్థులు జపాన్ వెళ్లి చదువుకుని, అక్కడ కొత్తగా కట్టిన మాటలు మూటలుగా తెచ్చుకున్నారు. సమాజం, ఆర్థికం, తత్వశాస్త్రం, టెలిఫోన్, వీటన్నిటికీ ఇవాళ చైనాలో వాడేవి ఆ మాటలే. పెద్దాయన ఫొంగ్ థైని తిట్టడానికి ఫోన్ చేస్తే ఆ ఫోన్ పేరు కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. రామెన్ అయితే చైనా నుంచి వెళ్లి, జపాన్‌లో వేరే వంటై, ‘లాయ్ మీన్’గా హాంకాంగ్ తిరిగొచ్చింది. దాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలి?

అలాగని బోర్డు మీద కనపడే ప్రతి జపాన్ ముక్కనీ నేను వెనకేసుకు రాను. జపాన్ లిపిలో ‘నో’ అని ఒక అక్షరం ఉంది, మన ‘యొక్క’ లాంటిది. దాన్ని పూర్తిగా హాంకాంగ్ సరుకుల మీద కూడా ఊరికే అతికిస్తారు. ఎవరూ దాన్ని నో అని చదవరు, ‘జీ’ అన్న కాంటనీస్ మాటతో చదివేస్తారు. అంటే నోటికి అక్కర్లేదు, కంటికి గొప్పగా కనపడటానికే. ఏళ్ల తరబడి నూడుల్స్ చేస్తున్న ‘సీ ఫూ’ని, అంటే మేస్త్రీని, బోర్డు మీద జపాన్ మాటలో ‘జిక్ యాన్’ అని రాస్తే ఏం పెరిగింది? సీ ఫూ అన్న పిలుపులో ఉన్న గౌరవం అందులో లేదు. వీటి మీద పెద్దాయన ఎంత కోప్పడినా నేను పక్కన నిలబడతాను. కొత్త పద్ధతికి పేరైన మాట ఉండాలి. ఉన్న మంచి మాటని పక్కకి నెట్టి రేటు పెంచడానికి వచ్చిన మాట పోవాలి. ‘ఒమకాసె’ వచ్చినప్పుడు కాంటనీస్ ఈ పరీక్ష బాగానే నెగ్గింది. వంటవాడికే వదిలేసే ఆ భోజనానికి ‘ఛ్యూ సీ ఫాత్ బాన్’ అని సొంత భాషలోనే పేరు ఉంది, మెనూల మీద అదే రాస్తున్నారు.

నా అసలు బాధ వేరే. కాంటనీస్‌కి ప్రమాదం ఉంది, కానీ అది సుషీ హోటల్లో లేదు. 2010 జూలైలో, కాంటనీస్ మాట్లాడే చైనా నగరం గ్వాంగ్‌ఝౌలో, టీవీ కార్యక్రమాల్ని చైనా ప్రభుత్వ భాష అయిన మాండరిన్‌లోకి మార్చాలన్న ప్రతిపాదన వస్తే జనం వీధుల్లోకి వచ్చారు. 2014లో హాంకాంగ్ విద్యాశాఖ వెబ్‌సైట్‌లో కాంటనీస్ అధికార భాష కాని ఒక మాండలికం అన్న వాక్యం కనపడి గొడవయ్యాక తీసేశారు. ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో చాలావాటిలో చైనీస్ పాఠాన్ని మాండరిన్‌లో చెప్తున్నారు. పిల్లవాడు పుస్తకంలో అక్షరం చూసి మొదట నేర్చుకునే శబ్దం మాండరిన్ శబ్దం. బడిలో పైకి చదవడం ఒక భాషలో, ఇంట్లో అన్నం పెట్టమనడం ఇంకో భాషలో.

చైనా అక్షరం శబ్దాన్ని మోసుకురాదు అన్నాను కదా. ఆ గుణం వల్లే జపాన్ మాటలన్నీ కాంటనీస్ గొంతుతో ఈ ఊళ్లోకి వచ్చాయి. అదే గుణం వల్ల కాంటనీస్ గొంతు పోయినా బోర్డు మీద ఏమీ తెలియదు. మన దగ్గర తెలుగు బోర్డు తీసేసి హిందీ బోర్డు పెడితే దారిన పోయేవాడికి కూడా కనపడుతుంది. ఇక్కడ అలా కనపడదు, అక్షరాలు అవే ఉంటాయి, చదివే నోరు మారుతుంది. పెద్దాయనకి ఈ మాటే చెప్పాను. ఇవాళ మీ మనవరాలు ఆ బోర్డు చూసి ఫొంగ్ థై అని చదువుతోంది, చదవనివ్వండి, అలా చదివినంతకాలం అది మీ భాషే. ఏదో ఒకరోజు అవే రెండక్షరాల్ని మాండరిన్‌లో ‘ఫాంగ్ థీ’ అని చదివితే, ఆ రోజు మీతో పాటు నేనూ కోప్పడతాను.